మూరెడు తక్కువ

పోయిన వారం అస్రాను షెడ్డులో నిచ్చెన మీద నిలబెట్టి వెళ్ళిపోయాను. ఒక చేతిలో టేపు. ఎదురుగా అటక మీద, పాత ఫ్లెక్సీలో చుట్టి సుతిలితాడుతో బిగించిన పొడవాటి వెదురు. "ఆ పిల్లను ఎప్పుడు దించుతారు?" అని యాచారం నుంచి ఒకావిడ ఉత్తరం కూడా రాసింది. దించుతానమ్మా. కాకపోతే దిగాక, అక్కడే ఉండిపోతే బాగుండేదని ఆమెకే అనిపిస్తుంది. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టకండి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు ఊరేగింపు సంగతి తెలియాలి. ఇబ్రహీంపట్నంలో ఏటా దీపావళికి ముందొచ్చే శనివారం దీపాల ఊరేగింపు. బస్టాండు దగ్గర మొదలై చెరువు కట్ట దాకా వాడకో ట్రాక్టరు, ట్రాలీ మీద ఇనుప సలాకలు వంచి కట్టిన బొమ్మ, బొమ్మ నిండా లైట్లు. కందుకూరు నుంచి, తుర్కయాంజాల్ నుంచి జనం ఆటోల్లో వేలాడుతూ వస్తారు. ముప్పై ఏళ్ళుగా అన్నిటికన్నా పెద్ద బొమ్మ ఇసాక్ షెడ్డులోంచే బయటికి వస్తుంది. పోయినేడాది అది నెమలి. కట్ట ఎక్కే మలుపులో ఆ నెమలి తల పదకొండు వేల ఓల్టుల తీగకు తగిలింది. బొమ్మ మీద నిలబడి ఆరిపోయిన లైట్లు సరిచేస్తున్న ఇసాక్ కొడుకు పర్వేజ్ అక్కడికక్కడే పోయాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు. కొడుకు పుట్టి అప్పటికి రెండు నెలలైంది.

తప్పు లైన్‌మన్ కొండల్‌ది అన్నారు. బండికి ముందు నడిచింది అతనే, రమ్మని చెయ్యి ఊపిందీ అతనే. "కరెంటు బంద్ చేయించిన, రానియ్యి అన్నడు" అని ఇసాక్ పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాడు. కొండల్‌ను సస్పెండ్ చేశారు. సోమవారం విచారణ. ఇసాక్ మాట నిలబడితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదు. కొండల్ భార్య రేణుక, ఇసాక్ కూతురు అస్రా పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్నారు. "మీ బాబాను ఒక్కపారి అడుగు అస్రా, నిజంగ గా మాట ఇన్నడా అని" అంటూ రేణుక బుధవారం వచ్చి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చి వెళ్ళింది.

ఇక ఆ వెదురు. ఊళ్ళో దాన్ని కొలకర్ర అంటారు. ఏడు గజాల పొడవు. కొసన ఎర్ర గుడ్డ, గజం గజానికీ ఒక రాగితీగ చుట్టు. ఊరేగింపులో పెద్ద బొమ్మకు ముందు ఒకరు దాన్ని నిలువుగా పట్టుకుని నడుస్తారు. బొమ్మను ఎప్పుడూ ట్రాలీతో కలిపి కర్రకన్నా అడుగు తక్కువగానే కడతారు. కాబట్టి తీగ కింద నుంచి కర్ర దాటిందంటే బొమ్మా దాటినట్టే. కర్ర తగిలేలా కనిపిస్తే బండి ఆపి, సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి కరెంటు తీయిస్తారు. దాటితే తీయించరు. పండగపూట ఊరంతా చీకటి చేస్తే జనం ఊరుకోరు. ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి ఇది, అయినా ముప్పై ఏళ్ళు ఎవరి ఒంటి మీదా ఈగ వాలలేదు. లైన్‌మన్ కదా అని, అయిదేళ్ళుగా ఆ కర్ర కొండల్ చేతికే ఇస్తున్నారు.

ప్రమాదం జరిగిన గందరగోళంలో కర్ర ఎటో పోయిందని ఇసాక్ చెప్పాడు. అందరూ నమ్మారు. ఈ ఏడు ఊరేగింపు కమిటీ పెద్ద పరమేశ్వర్ పట్టుబట్టాడు. ఇప్పుడు బొమ్మలన్నీ పొట్టివే, కర్ర అవసరం లేదు గానీ, "కొలకర్ర ముందల లేంది ఊరేగింపెట్ల కదుల్తది అస్రా? జర ఎతుకు" అన్నాడు. అందుకే అస్రా అటక ఎక్కింది. పోయిన కర్ర సొంత షెడ్డులో, ఫ్లెక్సీలో పదిలంగా ఎందుకుందో ఆమెకు అర్థం కాలేదు.

అస్రా తాళ్ళు విప్పి, వెదురును జాగ్రత్తగా కిందికి జార్చి, షెడ్డు నేల మీద పరిచింది. ఎర్ర గుడ్డ ఒక పక్క, ఆ రోజు పడ్డ నిప్పురవ్వలకు కాలి నల్లబడి ఉంది. టేపు తీసే ముందు అలవాటు కొద్దీ రాగి చుట్లు లెక్కపెట్టింది. ఆరే ఉన్నాయి. ఏడోది ఉండాల్సింది కర్ర అడుగున, మొదలు దగ్గర. అక్కడ ఆ చుట్టు లేదు, చివరి గజం సగమే ఉంది. టేపు పెట్టి చూసినా అదే లెక్క వచ్చింది. కర్ర మూరెడు తక్కువ.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆ మొదలును వేళ్ళతో తడిమింది. ఇసాక్ షెడ్డులో వెదురు కోయాలంటే ఆక్సా బ్లేడే వాడతారు, కోత అద్దంలా తిన్నగా ఉంటుంది. ఇది అలాంటిది కాదు. కట్టెలు కొట్టే గొడ్డలితో ఏటవాలుగా నాలుగు దెబ్బలు వేసి, మిగిలింది చేత్తో విరిచినట్టుంది. పని తెలిసినవాడు చేసింది కాదు. అస్రాకు ఇల్లంతా తెలుసు, ఇంట్లోని ప్రతి వస్తువూ తెలుసు. ఒక చివర రాగితీగ చుట్టు ఉన్న మూరెడు వెదురుముక్క ఎక్కడుందో ఆమెకు వెతకాల్సిన పని లేకపోయింది.

ఇల్లు షెడ్డు వెనకే. తల్లి అక్బరీ బేగం చౌకదుకాణానికి పోయింది, శుక్రవారం పొద్దున బియ్యం ఇస్తారని. నడిమి గదిలో దూలానికి పాత చీరతో కట్టిన ఉయ్యాల వేలాడుతోంది. పర్వేజ్ కొడుకు ఉయ్యాల. మొగుడు పోయాక పాటించే ఇద్దత్ రోజులు ముగిశాక భాభీ పిల్లవాణ్ని తీసుకుని కందుకూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది, ఉయ్యాల మాత్రం ఉండిపోయింది. అక్బరీ బేగం దాన్ని ఎవరినీ విప్పనివ్వదు. అటూ ఇటూ పోతూ ఒకసారి ఊపి పోతుంది. చీర రెండంచులు దగ్గరికి వచ్చి పిల్లవాడి ముఖం మీద పడకుండా మధ్యలో అడ్డంగా పెట్టిన కర్ర ఉంది చూశారూ, అదే.

అస్రా దాన్ని ఊడదీసి షెడ్డుకు తెచ్చి కొలకర్ర మొదలుకు ఆనించింది. ఏటవాలు ఏటవాలులో కూర్చుంది. వెదురు మీది పసుపు చార కూడా ఇటు నుంచి అటు తెగకుండా సాగింది.

ఆమెకు ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. పోయినేడాది వానల్లో, పిల్లవాడు పుట్టిన పదిహేను రోజులకు, ఉయ్యాలలో పాత కర్ర పుటుక్కున విరిగింది. పిల్లవాడు చీరలో కూరుకుపోయి గుక్కపట్టి ఏడ్చాడు. మగవాళ్ళిద్దరూ తుర్కయాంజాల్‌లో ఫంక్షన్ హాలుకు లైట్లు కట్టడానికి పోయారు. అక్బరీ బేగం గొడ్డలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది, కాసేపటికి ఈ ముక్కతో వచ్చింది. "చూడు, ఎంత గట్టిగున్నదో. రాగితీగ గూడ ఉన్నది, దిష్టి తగల్దు" అంది. ఆమె కడుతుంటే చీర అంచు పట్టుకుని నిలబడింది అస్రానే.

షెడ్డు చూరు కింద పది పన్నెండు వెదుర్లు ఉంటాయి. వాటిలో ఒకదాని మొదలు పెరట్లోకి పొడుచుకొచ్చి, బట్టలు ఆరేసేటప్పుడల్లా అక్బరీ బేగం తలకు కొట్టుకునేది. ఎర్ర గుడ్డ ఉన్న కొస షెడ్డు లోపల, చీకట్లో ఉండేది. ఆమె ఏనాడూ షెడ్డులోకి పోదు. ఊరేగింపు చూడటానికి ఒక్కసారి కూడా రోడ్డు మీదికి పోలేదు, మిద్దె ఎక్కి దూరంగా వెలుతురు చూసి దిగుతుంది. ఆ కర్ర దేనికో ఆమెకు ఎవరు చెప్పారు? ముప్పై ఏళ్ళు కాపురం చేసి పెళ్ళానికి ఈ ముక్క చెప్పని మగాణ్ణి ఏమనాలో మీరే అనండి. నాకు నోటికొచ్చింది పత్రికలో వేయరు.

ఇసాక్ అయినా, కొండల్ అయినా, కర్ర పొట్టిగా ఉందని ఆ రోజు చూడలేదా అని అడగవచ్చు. చూడలేదు. నెమలిని టేపుతో కొలిచారు. ట్రాలీని కొలిచారు. కొలకర్రను మాత్రం ఎవరూ కొలవలేదు. ముప్పై ఏళ్ళుగా ఏడు గజాలు ఉన్నది ఆ ఏడు మాత్రం ఎందుకు తగ్గుతుంది?

"దొరికిందా?"

అస్రా తల ఎత్తింది. గుమ్మంలో ఇసాక్ ఉన్నాడు. చేతిలో వంచిన సలాక ఉంది. ఈ ఏడు పెద్ద బొమ్మ పర్వేజ్ ముఖమే. ఇసాక్ వద్దన్నాడు, కమిటీ వినలేదు, శ్రద్ధాంజలి అన్నారు. కొడుకు ముక్కు కుదరక పొద్దుటి నుంచి మూడుసార్లు వంచి మూడుసార్లు పడేశాడు. నేల మీద పక్కపక్కన ఉన్న రెండు వెదుర్లనూ చూసి అతను ఏమీ ఆశ్చర్యపోలేదు. సలాకను గోడకు ఆనించి, లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ఎప్పుడు తెల్సింది బాబా?"

"మట్టిచ్చిన మర్నాడు" అన్నాడు ఇసాక్. "కర్ర నేనే తెచ్చిన మలుపు కాడికెల్లి. గోడకు నిలవెడితే నెమలి కన్న పొట్టిగ కనవడ్డది. కండ్లు మసకలొచ్చినయనుకున్న. టేపు వెట్టిన. ఇంట్లకొచ్చి చూస్తే మీ అమ్మీ పిల్లగాన్ని ఊపుతున్నది. గా ముక్క నా మొకానికి ఎదురుంగనే ఉన్నది."

"కరెంటు బంద్ చేయించిన అని కొండలన్న అన్నడా?"

"అనలే."

"మరేమన్నడు?"

"కర్ర దాటింది చాచా, రానియ్యి అన్నడు. గంతే."

 ఏడాది పొడుగునా అస్రా ఈ మనిషి పక్కన కూర్చుని అన్నం తిన్నది. రేణుక ఏడుస్తుంటే ఈ మనిషి లోపలి గదిలో నమాజు చాప మీద కూర్చుని ఉన్నాడు. "మరి పోలీసులకు గట్లెందుకు చెప్పినవ్?" అంది.

"ఏం చెప్పాలె? కర్ర దాటిందని చెప్తే కర్ర తెమ్మంటరు. తెస్తే కొలుస్తరు. కొలిస్తే ఎవడు కోసిండని అడుగుతరు. గా మాట మీ అమ్మీ చెవుల పడాల్నా?"

"కొండలన్నకు జైలు పడ్తది బాబా."

"రెండేండ్లు. మంచిగుంటే ఇంక ముందుగాల్నే ఇడుస్తరు. గిది తెలిస్తే మీ అమ్మీకి ఎన్నేండ్ల శిక్ష, చెప్పు?"

అస్రా ఉయ్యాల కర్రను చేతిలోకి తీసుకుంది. కళ్ళ ముందు ఉన్నది రేణుక ముఖం. "వాళ్ళకిద్దరు పిల్లలున్నరు" అంది.

"నాకు ఒక్కడే కొడుకుండె" అన్నాడు ఇసాక్. అనేసి తానే సిగ్గుపడ్డట్టు కిందికి చూశాడు.

ఆమె లేచి నిలబడింది. ఏదో ఒక దారి ఉండాలి. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఏ ముడికైనా ఒక కొస ఉంటుందని ఇంకా నమ్మే వయసు. "నువ్వే కోసినవని చెప్పు బాబా. తప్పు నీ మీదేసుకో. తెల్వక కోసిన, మర్చిపోయిన అను. అమ్మీ పేరే రాదు గద."

"గా సోయి నాకు రాలేదనుకున్నవా?" ఇసాక్ కర్ర మొదలు దగ్గర కూర్చుని ఆ ఏటవాలు కోత మీద బొటనవేలు పెట్టాడు. "నేను ఎవరి పేరు చెప్పినా, కర్ర ఊసు బయట పడుతది. కోర్టుల పడితే ఊర్ల పడుతది, ఊర్ల పడితే ఇంట్ల పడుతది. కోసిందెవరో మీ అమ్మీకి తెలుసు. నేను కాదని తెలుసు. ఇంక నేనెట్ల దాస్త?"

"మరి కాలవెట్టకపోయినవ్? అటక మీదెందుకు దాసినవ్?"

"రెండుసార్లు పొయ్యి కాడికి తీస్కపోయిన. చేతగాలే. నా కొడుకు సచ్చింది నా లెక్క తప్పయి కాదని సూపెట్టేతందుకు నాకు లోకంల ఇదొక్కటే ఉన్నది బేటా. ఎవ్వరికీ సూపెట్టను. గని ఉండాలె."

అస్రాకు తండ్రి మీద కోపం రావాలి. రేణుక తరఫునైనా రావాలి. రాలేదు, అందుకే ఆమెకు భయం వేసింది. తనను అదే చోట నిలబెట్టి ఉంటే తానూ అదే అబద్ధం చెప్పేదని ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఈ నిమిషం నుంచి ఆ అబద్ధం తనది కూడా.

"సోమవారం నేను పోయి నిజం చెప్త" అంది, అయినా.

"చెప్పు. నేనాపను." ఇసాక్ గొంతులో బెదిరింపు ఏమీ లేదు. "గని ముందుగాల ఇంట్లకు పోయి మీ అమ్మీకి చెప్పు. కోర్టుల ఇనుడు కన్న నీ నోట ఇంటెనే మంచిది."

బయట గేటు చప్పుడైంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అక్బరీ బేగం అనుకుని ఇసాక్ గబగబా కొలకర్ర మీద ఫ్లెక్సీ కప్పాడు. అస్రా ఉయ్యాల కర్రను చున్నీ కింద దాచుకుంది. ఇద్దరూ బయటికి వచ్చేసరికి వాకిట్లో కొండల్ నిలబడి ఉన్నాడు, చెప్పులు గేటు దగ్గరే విడిచి.

ఏడాదిలో మనిషి సగమయ్యాడు. స్తంభాలు ఎక్కిన భుజాలు కుంగిపోయి, చొక్కా వేరేవాళ్ళది తొడుక్కున్నట్టు ఉంది. ఈ వాకిట్లోకి రావడం ప్రమాదం తర్వాత ఇదే మొదలు. వచ్చే ధైర్యం ఎవరికుంటుంది? అక్బరీ బేగం బజార్లో కనబడిన చోటల్లా అతణ్ణి ఆపి, చేతులు ఎత్తి శపించేది. అతని పిల్లల్ని కూడా వదల్లేదు. కొండల్ తల దించుకుని అంతా విని పోయేవాడు.

"చాచా, సంతకం వెట్టొచ్చిన" అన్నాడు.

"ఏం సంతకం?"

"తప్పు నాదే అని. కరెంటు బంద్ చేయించిన అని చెప్పి, చేయించకుంటనే చెయ్యి ఊపిన అని. వకీలు సాబ్ కాయితం రాసిండు, ఒప్పుకుంటే శిక్ష తక్కువైతదట. సోమవారం మీరెవ్వరు రానక్కర లేదు."

ఇసాక్ నోరు తెరిచాడు. అస్రా అతనికన్నా ముందే అందుకుంది.

"ఎందుకు వెట్టినవన్నా?" అస్రా దాదాపు అరిచింది. "నువ్వు గా మాట అన్నవని నీకు యాదికున్నదా?"

కొండల్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "లేదు చెల్లే. నాకు యాదికున్నది వేరే. గని ఏడాదిసంది అందరొక్కటే మాటంటుంటే నాకే అనుమానమొచ్చింది. అన్ననేమో. ఆ గడబిడల నోట్లకెల్లి వచ్చిందేమో." అతను ఇసాక్ వైపు తిరిగాడు. "చాచా ఇన్నడు గద. కొడుకు పోయినోడు, ఆయన అబద్దమెందుకు చెప్తడు? గదే సోంచాయించుకున్న. ఆయన మాట నిజమైతే నా యాది తప్పు. గంతేగద."

చూస్తూ నిలబడటం ఎంత కష్టమో ఇసాక్‌ను అడగాలి. ఆ నిమిషాన నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. రెండు పెదాలూ కదిలాయి, అంతవరకూ నేను సాక్షిని. ఈలోగా గేటు మళ్ళీ కిర్రుమంది. భుజాన బియ్యం సంచితో అక్బరీ బేగం లోపలికి వచ్చింది.

ఎంతసేపటి నుంచి గేటు అవతల ఉందో తెలియదు గానీ, సంతకం సంగతి విన్నదని ముఖం చూస్తే తెలుస్తోంది. సంచిని అరుగు మీద దించింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కొండల్ వెనక్కి ఒక అడుగు వేశాడు, తిట్లకు సిద్ధపడుతూ.

ఆమె తిట్టలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతికి ఇచ్చింది.

"ఏడాదిసంది నీకు శాపాలు వెట్టిన" అంది. "నీ పిల్లలకు గూడ వెట్టిన, వాళ్ళేం పాపం చేసిండ్రని. నువ్వొప్పుకున్నవ్. మనిషివి. నేను మాఫ్ చేసిన కొండల్. అల్లా గూడ చేస్తడు. పో, నీ పిల్లల్ని సల్లగ చూస్కో."

కొండల్ చెంబు పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చాడు. చేయని తప్పుకు దొరికిన క్షమ అది. అయినా ఏడాదిలో ఆ మనిషికి దొరికిన మంచిమాట అదొక్కటే.  మాఫ్ చేస్తున్నది ఎవరు, ఎవరిని? అస్రా ఆపాలనుకుంది. ఏమని ఆపాలి?

"ఒక్కటడుగుత చెప్పు" అంది అక్బరీ బేగం, అతని ఏడుపు తగ్గనిచ్చి. అతని ఎదురుగా అరుగు మీద కూర్చుంది. "నా కొడుకు ఆఖరికి ఏమన్నడు? ఈళ్ళెవ్వరు చెప్పలే. నేనడిగితే ఈయన లేసి పోతడు."

"ఇప్పుడవన్ని ఎందుకే" అన్నాడు ఇసాక్ గబుక్కున. "అలిసొచ్చినవ్, లోపట్కి పో."

"నువ్వాగు. ఒప్పుకున్నోడే చెప్పనీ."

కొండల్ నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. ఈ ఇంట్లో ఇక ఏదీ దాచకూడదని అనుకుని వచ్చిన మనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "మస్తు నవ్వుకుంట ఉండె చాచీ. నెమలి నెత్తి మీద నాలుగు లైట్లు పోయినయి, గవి కలుపుతుండె. మలుపు కాడ నన్ను చూసి, అన్నా జర పైలం, తీగ కిందికున్నట్టున్నది అన్నడు. నేను మీదికి చూసిన. ఫికర్ చేయకు తమ్మీ, కర్ర దాటింది అన్న. దాటింది చాచీ. నాలుగు వేళ్ళ సందుతోటి దాటింది. గది మాత్రం నా కండ్లల్ల ఇప్పటికున్నది. అయితే సరే అని నవ్విండు. గంతే."

అక్బరీ బేగం కళ్ళు మూసుకుంది. కొడుకు నవ్వును ఒకసారి చూసుకుని తెరిచింది.

"ఏం కర్ర?" అంది.

"గదేదో ఊరేగింపు కర్రలే" అన్నాడు ఇసాక్. "కొండల్, నువ్వు పో బిడ్డా. నమాజుకు టైమైతున్నది."

"అన్నా, పో. నేను రేణుకతోటి సాయంత్రం మాట్లాడుత" అంది అస్రా. ఏడాది పాటు తండ్రి ఒక్కడే మోసిన అబద్ధానికి తానూ భుజం పట్టింది. నిజం చెబుతానని అని పావుగంట కాలేదు. చున్నీ కింద ఉయ్యాల కర్రను ఇంకాస్త లోపలికి నెట్టుకుంది.

కొండల్ లేవబోయాడు. కానీ ఒక తల్లి అడిగిన మాటకు సగం జవాబు చెప్పి పోవడం అతనికి మర్యాద అనిపించలేదు. నిలబడే చెప్పాడు.

"కొలకర్ర చాచీ, నీకు తెల్వనిదా? ఏడు గజాలుంటది, కొసకు ఎర్రగుడ్డ. గజానికొక రాగితీగ చుడ్తరు. గిదే షెడ్డు చూరుకుండేది, గీ పెరడు దిక్కు మొదలు. గది తీగ కింద దాటితే బొమ్మ గూడ దాటుతది. దాన్ని నమ్ముకునే మేమందరం ముంగట్కి నడుస్తం."

అతను వేలు పెట్టి చూపించిన చోట, చూరు కింద, రెండు ఇనుప కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. అక్బరీ బేగం వాటిని చూసింది. తర్వాత భర్త ముఖం చూసింది. ఇసాక్ తల తిప్పుకున్నాడు. తిప్పుకోకుండా ఉండాల్సింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన ఆడదానికి అది చాలు.

ఆమె చేయి గాలిలోకి లేచి, చిన్న గొడ్డలి పట్టుకున్నట్టు వేళ్ళు ముడుచుకుని, అక్కడే ఆగిపోయింది.

"అమ్మీ" అంది అస్రా.

అక్బరీ బేగం కూతురి మాట వినలేదు. కొండల్ చొక్కా అంచు పట్టుకుని, అతణ్ణి మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టింది. గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది, పసిపిల్లవాణ్ణి నిద్రపుచ్చేటప్పటి గొంతులా.

"కూసో బిడ్డా. పోకు. గా రాగితీగ సంగతి మళ్ళొక్కపారి చెప్పు. ఎన్ని చుట్లుండాలె?"